ఏజెంటుగారికి నిండు విస్తరి

విజయవాడ వన్ టౌన్‌లో చౌడేశ్వరమ్మగారి పట్టుచీరల కొట్టు సంగతి తెలియనివాళ్లు తక్కువ. ఆ కొట్లో ఆవిడనడక్కుండా ఫ్యాను కూడా తిరగదంటారు. అది అతిశయోక్తేం కాదు, ఫ్యాను స్విచ్చు ఆవిడ కుర్చీ వెనకాలే ఉంది.

రాజ్యశ్రీ ఆవిడకి ఒక్కగానొక్క కోడలు. ఎంకామ్ చదివింది. కాపురానికొచ్చిన కొత్తలోనే కొట్లో కూర్చోవడం మొదలెట్టి ఆరేళ్లయింది. చీర మడత విప్పి ఆమె భుజమ్మీద వేసి చూపించిందంటే, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు కూడా రెండు కొనుక్కుని లేచేవాళ్లు. ఇంత చేసీ, బేరం చివరికొచ్చి "కాస్త తగ్గించమ్మా" అంటే మాత్రం ఆమె దగ్గరున్నది ఒక్కటే జవాబు: "అత్తయ్యనడిగి చెప్తానండి." రోజుకెన్నిసార్లు అనేదో! ఆ ముక్క అన్నప్పుడల్లా ఆమెకి ప్రాణం చివుక్కుమనేది. కంప్యూటర్లో కూడా అంతే. ఆమె పేరుతో లోపలికెళితే బిల్లు కొట్టొచ్చు, చూడొచ్చు. రేటు మార్చడం, బిల్లు రద్దు చెయ్యడం లాంటివన్నీ అత్తగారి సొత్తు.

సరే, అలాంటి కొట్లోకి ఒకరోజు రుచిత వచ్చింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మాయి. మజ్జిగ తాగి, లాప్‌టాప్ తెరిచి, కొత్తగా ఏఐ ఏజెంటు వచ్చిందని చెప్పింది.

"ఏజెంటంటే ఇన్సూరెన్సు ఏజెంటు లాగానా?" అంది చౌడేశ్వరమ్మ.

"కాదండీ, కంప్యూటర్లోనే ఉంటుంది. మీరు మాటల్లో చెప్తే చాలు, పని అదే చేసుకుపోతుంది. సరుకు చూస్తుంది, ఆన్‌లైన్లో ఫొటోలు పెడుతుంది, రేట్లు మారుస్తుంది, అమ్ముతుంది, పార్శిల్ పట్టుకెళ్లే మనిషిని కూడా పిలుస్తుంది. వీటిల్లో దేనిదేనికి అనుమతి ఇవ్వాలో మీరే చెప్పాలండీ. నన్నడిగితే, ముందు చూడ్డానికి మాత్రం ఇద్దాం. కొన్నాళ్లు దాని పని చూశాక..."

"చూడ్డానికి మాత్రమా!" చౌడేశ్వరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఇంటికొచ్చిన మనిషికి విస్తరేసి, ప్రస్తుతానికి పప్పు తినండి, కూరలూ నెయ్యీ మీ నడవడి చూసి వడ్డిస్తామంటామా? ఇలాంటిది మా ఇంటా వంటా లేదు తల్లీ. అన్నీ వడ్డించెయ్."

"ఇది భోజనం కాదండీ. నిజంగా నడుస్తున్న కొట్టు. అది పొరపాటు చేస్తే నిజం చీర నిజంగానే వెళ్లిపోతుంది."

"పెడితే నిండుగా పెట్టాలి, లేకపోతే పిలవకూడదు. అన్నిటికీ టిక్కు పెట్టు."

రుచిత ఒక్కో గడిలో టిక్కు పెడుతుంటే రాజ్యశ్రీ పక్కనే కూర్చుని చీరలు మడతపెడుతోంది. ఆమెకి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి? ఆరేళ్లలో తనకి ఒక్క టిక్కు పడలేదు. ఒళ్లూ పళ్లూ లేనివాడెవడో వచ్చి కూర్చున్నాడు, మజ్జిగ గ్లాసు ఖాళీ అయ్యేలోపు కొట్టంతా వాడి చేతికిచ్చేశారు.

ఇక ఆ పూట నుంచీ ఏజెంటు కాస్తా ఏజెంటుగారయ్యాడు. నిజం చెప్పుకోవాలి, పని బాగా చేశాడు. ఎవరు ఏ వేళప్పుడు ఏం అడిగినా విసుక్కోకుండా జవాబులిచ్చాడు. ఆన్‌లైన్లో అమ్మకాలు పెరిగాయి. చౌడేశ్వరమ్మ ఎదురుకొట్టు వాళ్లని పిలిచి మరీ చెప్పుకుంది, "మా ఏజెంటుగారు అలా అన్నారు, మా ఏజెంటుగారు ఇలా చేశారు" అని. పార్శిళ్లు కట్టే తిరుపతిరావుని కూడా పిలిచి, "ఆయన చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ఎదురు ప్రశ్నలెయ్యకు" అంది. ఆ కొట్లో చిన్నతనం నుంచీ పని చేసి ముసలాడైన తిరుపతిరావు బుద్ధిగా తలూపాడు.

ఇంతలో ఆషాఢం వచ్చింది.

ఆషాఢంలో పెళ్లిబట్టలు కొనరు. కొనకూడదు గానీ, చూడకూడదని ఎవరన్నారు? శ్రావణంలో ముహూర్తం ఉన్నవాళ్లు ముందే వచ్చి, చీరలన్నీ విప్పించి, ఒకటి ఎంచుకుని, "పక్కన పెట్టండమ్మా, మంచిరోజు చూసి తీసుకుంటాం" అని వెళ్లిపోతారు. బిల్లు ఉండదు, అడ్వాన్సు ఉండదు. ఆషాఢంలో పైసా చేతులు మారకూడదు కదా. చౌడేశ్వరమ్మ ఆ చీర కవరు మీద ఒక మూల ఇంత పసుపు రాసి, వెనకగదిలో బీరువాలో పెట్టేది. పసుపు పడిందంటే ఆ చీర ఇక పెళ్లికూతురిదే. దేవుడు దిగొచ్చి అడిగినా ఇవ్వరు. ఈ సంగతి ఆ కొట్లో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్క ఏజెంటుగారికే. ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పాలని కూడా ఎవరికీ తట్టలేదు. బిల్లు పడలేదు కనక, ఆయన లెక్కలో అవి కూడా ఊరికే పడున్న సరుకే. పైగా చౌడేశ్వరమ్మ ఒకరోజు ఉత్సాహంగా, "ఏజెంటుగారూ, ఎన్నాళ్లుగానో కదలకుండా పడున్న సరుకంతా ఈ ఆషాఢం సేల్లో కదిలించెయ్యండి" అని మైకులో చెప్పి, మర్నాడు పొద్దున్నే పేటలో ఆడవాళ్లతో కలిసి అమ్మవారికి సారె ఇవ్వడానికి కొండకెళ్లింది. ఫోను సంచిలో పెట్టింది, సంచి కారులో పెట్టింది.

ఆ పొద్దున రాజ్యశ్రీ, తిరుపతిరావు అప్పటికే తెరిచి ఉంచిన కొట్టుకొచ్చి, దీపం పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుంది. సేల్లో ఉన్న చీరల ఫొటోలు ఒక్కోటీ చూస్తూ వస్తోంది. గచ్చకాయ రంగు పట్టు, కుంకుమరంగు అంచు, అంచు నిండా మామిడిపిందెలు. గుండె గుభేలుమంది. అది పామర్రు రావమ్మగారు తన మనవరాలు చిన్ని పెళ్లికి మంగళగిరిలో మగ్గం మీద ప్రత్యేకంగా నేయించుకున్న చీర. అలాంటిది ఇంకోటి లేదు. దాని కింద 'నలభై శాతం తగ్గింపు' అనీ, ఆ కింద 'అమ్ముడైంది' అనీ ఉంది. పసుపు బీరువాలో మిగతా చీరలన్నీ కూడా సేల్లో వరసగా కూర్చున్నాయి. ఇంకా అమ్ముడవలేదంతే.

"తిరుపతిరావుగారూ! మామిడిపిందెల చీర ఏదీ?"

"పొద్దున్నే పార్శిల్ బండి అబ్బాయి వస్తే ఇచ్చేశానమ్మా."

"దాని మీద పసుపు కనపడలేదా?"

"ఎందుక్కనపడదు? కనపడింది. నేను ఏజెంటుగారిని అడిగాను కూడా, కవరు మీద పసుపుందండీ అని. మరకలుంటే తుడిచి పంపగలరు అన్నారు." తిరుపతిరావు కాస్త గొంతు తగ్గించాడు. "తుడిచే పంపానమ్మా. ఎదురు ప్రశ్నలెయ్యొద్దన్నారు కదా."

రాజ్యశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గబగబా కంప్యూటర్లో కొట్టింది, ఆ ఆర్డరు రద్దు చెయ్యి, మిగతా చీరలు సేల్లోంచి తీసెయ్ అని. జవాబు తేనె పూసినట్టు వచ్చింది. "క్షమించండి రాజ్యశ్రీగారూ. రేట్లు మార్చడానికీ ఆర్డర్లు రద్దు చెయ్యడానికీ మీకు అనుమతి లేదు. చౌడేశ్వరమ్మగారు చెప్తే వెంటనే చేస్తాను."

"ఓరి నీ మర్యాద మండా!" అంది పైకే.

అత్తగారికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. రుచితకి చేసింది. "నాకు చెయ్యాలనే ఉందండీ, కానీ ఓనర్ చెప్పకుండా మేం ముట్టుకోకూడదు. ఓనర్ల లిస్టులో మీ పేరు లేదు. అమ్మగారిని అడగండి" అంది ఆ అమ్మాయి. మంగళగిరిలో మగ్గాల దగ్గరున్న మొగుడికి చేసింది. దేవేంద్ర అంతా విని, బాగా ఆలోచించి, "అమ్మనడుగు" అన్నాడు. మహానుభావుడు!

అప్పుడే ఇంకో ఫోను వచ్చింది. రావమ్మగారు. "అమ్మాయ్ రాజ్యం, మా వియ్యపురాలూ వాళ్లూ బెజవాడ వచ్చారే. మధ్యాహ్నం భోంచేసి తీసుకొస్తున్నాను, చిన్ని చీర చూపిద్దామని. వాళ్లు ఘనంగా ఉండాలనుకునే మనుషులు. ఆ చీర చూస్తే నోరెత్తరు. తీసి ఉంచమ్మా."

"రండి పిన్నిగారూ" అంది రాజ్యశ్రీ. ఇంకేమంటుంది?

ఫోను పెట్టేసి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత ఎవర్నీ అడగలేదు. తిరుపతిరావు చేత ఒక స్టూలు వేయించి, బీరువా తలుపుకి ఆనించి కూర్చోబెట్టింది. "ఏజెంటు చెప్పినా, ఏజెంటు తాత చెప్పినా, ఇందులోంచి ఒక్క చీర బయటికి రాకూడదు. నేను చెప్తున్నాను" అంది. తిరుపతిరావు హుషారుగా కాళ్లు బారజాపి కూర్చున్నాడు. ఆ మాట కోసమే చూస్తున్నట్టున్నాడు పాపం. రాజ్యశ్రీకి బిల్లులో కొన్నవాళ్ల అడ్రసు చూసే హక్కు ఎలాగూ ఉంది. శాలిని, ఆడిటర్ ఆఫీసు, గవర్నర్‌పేట. స్కూటీ తీసింది.

గవర్నర్‌పేట ఎంత దూరం గనక! కానీ ఆ పూట ఆటోలన్నీ కూడబలుక్కుని అడ్డమొచ్చినట్టయింది. మెట్లెక్కి ఆఫీసులోకి వెళ్లేసరికి, ఫైళ్లన్నీ పక్కకి నెట్టిన పెద్ద బల్ల మీద చీర పరిచి ఉంది. చుట్టూ ఆడవాళ్లు. మధ్యలో శాలిని మొహం వెలిగిపోతోంది.

"నాకు ప్రమోషనొచ్చిందండీ, నాకు నేనే కొనుక్కున్నా" అంది, రాజ్యశ్రీ ఎవరో చెప్పగానే. "ఇంత తక్కువకి ఇంత మంచి చీరా అని పొద్దుటి నుంచీ గిల్లి చూసుకుంటున్నా. ఏం, ఫీడ్‌బ్యాక్ కోసం వచ్చారా?"

రాజ్యశ్రీ తల అడ్డంగా ఊపింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆషాఢం, పసుపు, చిన్ని, నిండు విస్తరి తిన్న ఏజెంటుగారు, అన్నీ. శాలిని మొహంలో వెలుగు తగ్గుతుంటే చూడలేక చీర వైపు చూస్తూ చెప్పింది.

"బాగుందండీ! మీ ఏజెంటు అమ్మాడు, నేను కొన్నాను. ఇందులో నా తప్పేముంది?"

"మీ తప్పు రవ్వంత కూడా లేదండీ. తప్పంతా మాదే. ఇవ్వనంటే నేను మారుమాట్లాడకుండా వెళ్లిపోవాలి, అదే న్యాయం. కానీ అడక్కుండా ఉండలేక వచ్చాను."

శాలిని కాసేపు అంచు మీద మామిడిపిందెల్ని వేలితో తడిమింది. "పెళ్లికూతురు కట్టుకోవాల్సింది నేనెలా కట్టుకుంటానండీ?" అంది మెల్లగా. "మనసొప్పదు. తీసుకెళ్లండి. మరి నా చీరో?"

"అదే నేతగాడితో మీకు నచ్చిన రంగులో ఇంకోటి నేయిస్తాను. దసరాకల్లా తెచ్చి మీ చేతికిస్తాను. మీరు కట్టిన రేటుకే."

పక్కనున్న పెద్దావిడ కళ్లజోడు పైకి తోసుకుంది. ఆడిటర్ ఆఫీసు మనిషి కదా. "ఎవరి మాట మీదమ్మా?"

అత్తయ్యనడిగి చెప్తానండి. ఆ ముక్క నాలిక చివరికి వచ్చేసింది, అలవాటు ఎక్కడికి పోతుంది? రాజ్యశ్రీ దాన్ని గుటకేసి మింగింది.

"నా మాట మీదండీ" అంది. "నా పేరు రాజ్యశ్రీ."

చీర మడతపెట్టి ఇస్తూ, "నాకు నెమలికంఠం రంగు కావాలి" అంది శాలిని.

తిరిగొస్తుంటే రాజ్యశ్రీకి చీర దొరికిన సంతోషం ఒకపక్క, చేసిన పని గుర్తొచ్చి భయం ఒకపక్క. లేని అధికారంతో మాటిచ్చేసింది. రేపు అత్తగారు కుదరదంటే శాలినికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఆ మాట నిలబడకపోతే ఇక ఈ కొట్లో తను చీరలు మడతపెట్టే మనిషే. ఇంకెన్నేళ్లున్నా అంతే.

రావమ్మగారి బలగం దిగేసరికి చీర కవర్లో ఉంది, కవరు మూల మళ్లీ పసుపుంది. చిన్ని చీర భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడితే, ఘనమైన వియ్యపురాలు నోరెత్తకపోగా, "ఇలాంటిది మా అమ్మాయికి కూడా ఒకటి నేయించరూ" అంది. కొట్టంతా నవ్వులు. సరిగ్గా అప్పుడే చౌడేశ్వరమ్మ దిగింది, నుదుటి నిండా కుంకుమతో, చేతినిండా ప్రసాదంతో. అందరికీ పంచిపెట్టి, కుర్చీలో కూర్చుని, "మా ఏజెంటుగారని ఒకాయన ఉన్నార్లే రావమ్మగారూ, బంగారం" అని మొదలెట్టింది. రాజ్యశ్రీ చీర కవరు పట్టుకెళ్లి బీరువాలో పెట్టేసింది.

వాళ్లు వెళ్లాక చౌడేశ్వరమ్మ వెనకగదిలోకి తొంగిచూసింది. "ఈ తిరుపతిరావు బీరువాకి కాపలా ఏంటే?"

రాజ్యశ్రీ చెప్పింది. వింటున్నంతసేపూ చౌడేశ్వరమ్మ మొహంలో రంగులు మారాయి. ఏజెంటుగారి చేత అప్పటికప్పుడు చీరలన్నీ సేల్లోంచి తీయించింది. ఆయన మర్యాదగా తీసేశాడు. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"నలభై శాతం తగ్గించి కొత్త చీర నేయిస్తానని మాటిచ్చావా? ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదత్తయ్యా!" రాజ్యశ్రీ గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "అడుగుదామంటే మీరు కొండ మీదున్నారు. మీ అబ్బాయినడిగితే మిమ్మల్ని అడగమన్నారు. చివరికి ఆ ఏజెంటుగాణ్ణి కూడా బతిమాలాను, నీకు అనుమతి లేదన్నాడు. వాణ్ణి ఏమీ అనను, కదిలించమన్నారు, కదిలించాడు. వాడికి పసుపు సంగతి తెలియదు. నాకు తెలుసు. తెలిసినదాన్ని ఆరేళ్లుగా గుమ్మంలో నిలబెట్టి, తెలియనివాడికి కొట్టంతా వడ్డించారు." అని, కళ్లమ్మట నీళ్లు కారుతుంటే తుడుచుకోను కూడా తుడుచుకోలేదు.

తిరుపతిరావు స్టూలు మీద నుంచి లేవాలా వద్దా అని సగం లేచి ఆగిపోయాడు. చౌడేశ్వరమ్మ వెళ్లి తన కుర్చీలో కూర్చుని ఫోను తీసింది. 

"ఆ శాలిని నంబరేది?" అంది.

ఫోన్లోనే కుదరదని చెప్పేస్తారనుకుంది రాజ్యశ్రీ. నంబరు చెప్పింది. చౌడేశ్వరమ్మ స్పీకర్ పెట్టింది.

"శాలినిగారేనామ్మా? నేను రాజ్యశ్రీ అత్తగార్ని. మా కోడలు మీకు మాటిచ్చిందట. ఆవిడ అందంటే కొట్టు అన్నట్టే. ఇంకోటి, ఆ చీర మీదికి జాకెట్టు కుట్టించి మరీ పంపిస్తాం, కుట్టుకూలి మాదే. ప్రమోషనొచ్చిందటగా, శుభం తల్లీ."

ఫోను పెట్టేసి, ప్రసాదంలోంచి ఒక లడ్డూ తీసి కోడలి నోట్లో కుక్కింది. "ఏడుస్తూ తినకు, పొలమారుతుంది" అంది. ఆవిడ కళ్లు కూడా తడిగానే ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పట్లాగే గద్దింపే.

మర్నాడు రుచితని పిలిపించారు. "అన్నీ పీకెయ్యమ్మా" అంది చౌడేశ్వరమ్మ. ఆవిడకి మధ్యేమార్గం తెలియదు కదా.

"అన్నీ వద్దత్తయ్యా" అంది రాజ్యశ్రీ. "పనిమంతుడే. సరుకు చూడనిద్దాం, ఫొటోలు పెట్టనిద్దాం, అడిగినవాళ్లకి జవాబు చెప్పనిద్దాం. రేటు మార్చాలన్నా, అమ్మాలన్నా, రద్దు చెయ్యాలన్నా ముందు ఒక మనిషిని అడగాలి. ఆ మనిషి ఊఁ అంటేనే కదలాలి. పసుపు బీరువా అసలు దాని కంటికే కనపడకూడదు."

"అంటే కొత్తల్లుడి లెక్కన్నమాట!" చౌడేశ్వరమ్మకి టక్కున అర్థమైపోయింది. "హాల్లో కూర్చోబెట్టి మర్యాదలన్నీ చేస్తాం, బీరువా దగ్గరికి మాత్రం రానివ్వం."

"అచ్చం అదేనండీ" రుచిత పడీపడీ నవ్వింది. "నేను మొదటిరోజు చెప్పిందీ అదే, నాకే ఇంత బాగా చెప్పడం రాలేదు. సరే, ఏజెంటు అడగాల్సిన మనిషి పేరేం పెట్టమంటారు?"

"అత్తయ్య పేరు" అంది రాజ్యశ్రీ, ఆలోచించకుండానే.

"నా పేరెందుకు? నేను కొండెక్కితే కొట్టు ఆగిపోవాలా? రాజ్యశ్రీ అని కొట్టు."

"మీ పేరు కూడా రెండోది పెట్టనాండీ?"

"వద్దు" అంది చౌడేశ్వరమ్మ. "నా పేరుంటే ఈ పిల్ల ప్రతిదానికీ నా మొహమే చూస్తుంది. నాకు తెలుసు దీని సంగతి."

రాజ్యశ్రీ తల వంచుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంది. సర్దుకోవాల్సినంత చెదరలేదు అవి.

"ఈ అడగడం అనేది ఏజెంటు ఒక్కదానికేనాండీ, బిల్లింగులో అందరికీనా?" అంది రుచిత.

"అందరికీ పెట్టు. న్యాయమంటే అందరికీ ఒకటే" అంది చౌడేశ్వరమ్మ, ఉదారంగా చెయ్యి ఊపుతూ. ఆ అందరిలో తనూ ఉందని ఆవిడకి ఆ నిమిషాన తట్టలేదు.

శ్రావణం మొదటి శుక్రవారం కొట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. ఏజెంటుగారు హాల్లో అల్లుడిలా బుద్ధిగా ఉంటూ, అడిగిందానికల్లా జవాబులిస్తూ, ప్రతి బేరానికీ రాజ్యశ్రీ ఫోనుకి ఓ మనవి పంపించి ఆగుతున్నాడు. చౌడేశ్వరమ్మ తన చిన్ననాటి స్నేహితురాలికి చీర చూపించి, పాత అలవాటు కొద్దీ చేతికి ఎముక లేనట్టు రేటు తగ్గించి మీట నొక్కింది. బిల్లు రాలేదు. మళ్లీ నొక్కింది. కళ్లజోడు పెట్టుకుని చదివింది, రాజ్యశ్రీగారి అనుమతి కోసం ఆగింది అని.

"అమ్మాయ్!" అని కేకేసింది అంత జనంలోనూ. "ఓకే కొట్టవే, బేరం పోతోంది!"

అవతలి గద్దె మీద చీర విప్పుతున్న రాజ్యశ్రీ ఫోను తీసి చూసింది. వేలు మీట మీదికి వెళ్లి ఆగింది. "ఇంత తగ్గిస్తే నేసినవాడికేం మిగుల్తుందత్తయ్యా? అందులో సగం తగ్గించండి, కొడతాను."

 చీరలు చూస్తున్నవాళ్లు చేతుల్లోవి చేతుల్లోనే పట్టుకుని చౌడేశ్వరమ్మ మొహంలోకి చూశారు. దేవేంద్ర అయితే మెల్లగా వెనకగదిలోకి జారుకున్నాడు.

చౌడేశ్వరమ్మ స్నేహితురాలి వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తింది. "విన్నావుగా వదినా, నా చేతుల్లో ఏం లేదు. మా కోడలు ఒప్పుకోదు" అంది. ఆ ముక్క ఎదురుకొట్టు వాళ్లక్కూడా వినపడేలా ఇంకోసారి అని, నవ్వుతూ రేటు మార్చి కొట్టింది.